ఒక్కరోజులో కోలుకున్న మహిపాల్

ఎల్లారెడ్డిలో మత్తుకు ఇక నిలువ నీడ ఉండదని మా యువనేత ప్రేమ్‌కుమార్ గారు మైకులో ప్రకటించారు. గల్ఫ్‌లో బాంబులు పడుతుంటే పని వదిలి పారిపోయి వచ్చిన కుర్రాళ్లు, నిద్ర పట్టక మత్తుమందు కలిపిన కల్లు తాగుతున్నారు. వాళ్ల కోసం ‘శరణార్థి యువజన మనశ్శాంతి కేంద్రం’ పెట్టి, వాళ్లకు ధైర్యం చెప్పే కౌన్సిలర్‌గా నన్ను వేశారు. నేను బీమా ఏజెంటును. చావు గురించి నవ్వుతూ మాట్లాడగలవాడు మండలంలో నేనొక్కడినేనని వారి నమ్మకం. నాకూ నిజమే అనిపించింది.

“అన్నా, సొంతూరికొచ్చినోడు శరణార్థి ఎట్లయితడు?” అని అడిగాను.

“పేరు వజన్‌గ ఉండాలె. టీవీలోళ్లు వస్తరు.”

మొదటి కేసు మహిపాల్. వాళ్లమ్మ నాగవ్వ బీడీల చాట పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“ఏమయితుంది తమ్మీ?” అన్నాను.

“కండ్లు మూస్తే క్యాంపు మీద మిసైల్ పడ్డట్టే అయితదన్నా. నా పక్క మంచం పిలగాడు మల్ల లేవలే. సీసా తాగితేనే నిద్ర వస్తది. ఎట్లన్న జేసి మాన్పియ్యి.”

కౌన్సిలర్‌గా నాకిచ్చిన రెండు రోజుల శిక్షణలో మొదటి రోజు రిబ్బన్ కటింగ్, రెండో రోజు భోజనాలు. కాబట్టి “పాజిటివ్‌గా ఆలోచించు” అన్నాను.

అంతలో ప్రేమ్‌కుమార్ గారు ఫొటోగ్రాఫర్‌తో వచ్చి, మహిపాల్‌ని ఒక ఫొటో తీయించారు. “చికిత్సకు ముందు ఫొటో అయింది. తర్వాతది?”

“దానికి ఆర్నెల్లన్న పడ్తదన్నా.”

“సాయంత్రం హైదరాబాద్ పోతున్న. నాలుగింటి వరకు బాగుచెయ్యి.”

చేశాను. గడ్డం గీయించి, కొత్త చొక్కా తొడిగించి, శాలువా కప్పించాను. ఫారంలో ‘పూర్తిగా కోలుకున్నాడు’ కింద సంతకం పెట్టాను. నా సంతకం చూడముచ్చటగా ఉంటుంది.

వారం తిరక్కుండా నాగవ్వ పరుగున వచ్చింది. బాగయ్యానని నమ్మి మహిపాల్ కల్లు ఒక్కసారే మానేశాడట. దాంతో ఫిట్స్ వచ్చాయట.

“కామారెడ్డి ఆసుపత్రికి తీస్కపోతే, కోలుకున్నోళ్ల లిస్టుల ఉన్నడు, ఫిరీ బెడ్డు రాదన్నరు. ఇంకా బాగుకాలేదని నువ్వు రాసిస్తే చేర్చుకుంటరంట. ఆటోల పండవెట్టిన సారూ. ఒక్క సంతకం.”

పెన్ను తీశాను. ఎల్లుండి రిపబ్లిక్ డే. ఉత్తమ కౌన్సిలర్‌గా నాకు ప్రశంసాపత్రం, మహిపాల్ కోలుకున్నందుకే.

“ఎల్లుండి మీటింగ్ అయిపోనియ్యి అవ్వా. తెల్లారి పొద్దుగాల్నే రాసిస్త.”

ఆమె నా మొహం చూసింది. ఆటో ఎక్కి, కొడుకు తల ఒళ్లో పెట్టుకుంది.

నాకు చాలా సిగ్గేసింది. తలుపు దగ్గరికి వేసుకుని, ఎల్లుండి మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు మొదటి నుంచి బట్టీ పట్టాను.