ఆష్బీ గెలవాలి

ఆ ఆదివారం పొద్దున హోబర్ట్ గారు పెట్టుకున్న పనులు రెండే: పాన్‌కేకులు తినడం, కాలేజీ ఫుట్‌బాల్ జట్ల ఆ వారం ర్యాంకుల పట్టిక పత్రికకు పంపడం. ర్యాంకులు తేల్చే ఫార్ములా ఆయన సొంతం. మార్లో కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. భూమి గుండ్రంగా ఉందన్నదాని మీదైనా ఆయనకు అనుమానం వస్తుందేమోగాని, ఫార్ములా మీద రాదు.

చిక్కల్లా అల్లుడితో వచ్చింది. లైల్ ఆ కాలేజీ జట్టుకే కోచ్. వచ్చే ఆదివారం పంపే ఆఖరి పట్టికలో జట్టు మొదటి ఇరవై అయిదులో లేకపోతే ఉద్యోగం ఊడుతుందని కాలేజీ అధ్యక్షుడు తేల్చి చెప్పేశాడు. ఈ వారం ఫార్ములా మార్లోకి ఇచ్చింది ఇరవై ఆరు.

"ఒక్క మెట్టే కదా నాన్నా, కాస్త పైకి జరపకూడదూ?" అంది కూతురు గ్రెటా.

"ఫార్ములాకి బంధువులుండరమ్మా," అంటూ ఆయన కాగితం రుమాలు మీద గబగబా లెక్క వేశారు. "మన ఆటలు అయిపోయాయి, నిజమే. కానీ ఆష్బీని మనం ఓడించాం. వాళ్ళెంత గొప్పవాళ్ళయితే మన గెలుపుకి అంత విలువ. ఈ శనివారం వాళ్ళు కోర్విన్‌ని కొడితే చాలు, మనం ఇరవై అయిదు!"

మాట ఊరంతా పాకింది. నిన్నటిదాకా ఆష్బీని తిట్టిపోసిన నోళ్ళే వాళ్ళ పాట నేర్చుకున్నాయి. శనివారం మూడు బస్సుల జనం మంచులో రెండు వందల మైళ్ళు వెళ్ళి, ఆష్బీ పసుపు టోపీలు పెట్టుకుని గొంతులు చించుకున్నారు. అందరికంటే ముందు నిలబడి చిందులేసింది లైల్. ఆ గోలకు కోర్విన్ కుర్రాళ్ళు నాలుగుసార్లు బంతి జారవిడిచారు. ఆష్బీ గెలిచింది.

మర్నాడు ఫార్ములా ఇచ్చింది ఇరవై ఎనిమిది.

"అదెలా మామగారూ?" లైల్ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"సెప్టెంబరులో మనం కోర్విన్‌ని కూడా ఓడించాం కదూ?"

"చిత్తుగా!"

"అదే కొంప ముంచింది. వాళ్ళు ఓడేసరికి ఆ గెలుపు విలువ పడిపోయింది. ఆష్బీ వల్ల వచ్చినదానికంటే కోర్విన్ వల్ల పోయిందే ఎక్కువ. నేను ఆ వైపు లెక్క వెయ్యలేదు."

"మా బతుకుల్ని రుమాలు మీద సగం లెక్క వేసి వదిలేశావా నాన్నా!" అని గ్రెటా ఏడ్చేసింది.

హోబర్ట్ గారికి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది. కలం తీశారు. మూడు మెట్లు పైకి జరిపితే ఎవరికి తెలుస్తుంది? చాలాసేపు కూర్చుని, చివరికి ఇరవై ఎనిమిదే పంపారు. సోమవారం లైల్ ఉద్యోగం ఊడింది.

మంగళవారం ఆష్బీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "శనివారం మిమ్మల్ని చూశాం లైల్ గారూ. పరాయి జట్టుకే అంత గొంతు చించుకున్నారు, సొంత జట్టయితే ఇంకేం చేస్తారో! మా కోచ్ రిటైరవుతున్నాడు. వస్తారా?"

మరుసటి ఏడాది ఆష్బీ నలభై పాయింట్ల తేడాతో మార్లోని చితక్కొట్టింది. పట్టికలో ఆష్బీ తొమ్మిదో స్థానంలో నిలిచింది. మార్లో పేరు కోసం పత్రికవాళ్ళు రెండో పేజీ వేయాల్సి వచ్చింది.