రాకుండా పోయిన ఐదో ఫిర్యాదు

యంత్రం పాడవడానికి ఒక కారణం చాలు. బాగుపడడానికి మాత్రం ఒక విభాగం కావాలి. ఈ సత్యం రుజువైన మంగళవారం నాడు మా ఇంట్లో ఏడుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, నానమ్మ, నేను, కంపెనీ నుంచి కరెంటాయన, ఆయిలాయన, వాళ్లిద్దరికీ పైన ‘పదేపదే వచ్చే లోపాల విచారణాధికారి’. మాకున్నవి నాలుగు కుర్చీలు. ఒకదాంట్లో అధికారిగారు, ఒకదాంట్లో ఆయన సంచీ, మిగతా రెండింట్లో కరెంటాయన, ఆయిలాయన కూర్చున్నారు. నాన్న నిలబడ్డాడు. (తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు. కానీ అలవాటు కావాలి కదా.)

ఎనిమిదోది వాకిట్లో ఉంది. కాంక్రీటు పంపు. నాన్న దానికి ఆపరేటరు. పని లేనప్పుడు అది మా వాకిట్లోనే ఉంటుంది. కలిపిన కాంక్రీటును గొట్టంలోంచి పై అంతస్తులకు తోయడం దాని పని. తోసేది ఆయిలు. ఎప్పుడు, ఎటు తోయాలో ఆయిలుకు చెప్పేది కరెంటు. ఆ చెప్పేచోట బొటనవేలంత ప్లగ్గు ఒకటి ఉంది. దానికి ఇటు తీగ, అటు వాల్వు. అంటే ఇటు కరెంటు విభాగం, అటు ఆయిలు విభాగం. ప్లగ్గు ఏ విభాగంలోనూ లేదు. పాపం, పంపులో మాత్రమే ఉంది.

పంపు నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. రెండు నెలల్లో నాలుగుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నాన్న కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టేవాడు. ‘లోపం కరెంటుదా, ఆయిలుదా?’ అని యాప్ అడిగేది. తెలియదు అని చెప్పడానికి గడి లేదు. (తెలియనివాళ్లకు పంపు ఎందుకిచ్చారన్నది యాప్ ఉద్దేశం కావచ్చు.) కరెంటు అని నొక్కితే కరెంటాయన వచ్చి, తీగలన్నీ తడిమి, “మా వైపు బంగారంలా ఉంది. ఆయిలు చూపించుకోండి,” అనేవాడు. ఆయిలాయన వచ్చి ప్రెషరు మీటరు చూసి, “మా వైపు వజ్రంలా ఉంది. కరెంటు చూపించుకోండి,” అనేవాడు. ఇలా బంగారం, వజ్రం తేలేలోపు పంపు తనంతట తనే నడిచేది. ఫిర్యాదు మూసేసేవారు.

మూయాలంటే పన్నెండో నిబంధన ఉంది. తళతళలాడే పంపు ఫోటో పెట్టాలి. అందుకని వెళ్లే ముందు పంపును పైనుంచి కిందిదాకా పైపు పెట్టి జోరుగా కడిగి, నాలుగువైపులా ఫోటోలు తీసుకుని వెళ్లేవారు.

పద్నాలుగో నిబంధన ఇంకా చిన్నది. అదే లోపం ఐదోసారి వస్తే యాప్ ఎవరినీ అడగదు. కారణం అనే చోట ‘ఆపరేటరు’ అని తనే రాసుకుంటుంది. ఆపరేటరు కార్డు రద్దవుతుంది. నాన్నకి ఈ పని తప్ప ఇంకోటి రాదు. గొట్టం చప్పుడు విని కాంక్రీటులో నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేస్తాడు. పదిహేడేళ్లుగా విన్న చెవులవి. కార్డు లేకపోతే ఆ చెవులతో రేడియో వినడమే.

నేను డైరీ రాస్తాను. నలుగురిలో నాకు మాట రాదు కాబట్టి అన్నీ అందులోకే వెళ్తాయి. నాలుగోసారి వాళ్లు వచ్చినరోజు పొద్దున డైరీ తిరగేశాను. ‘పంపు కడిగారు’ అని ఉన్నచోటల్లా, కింది లైనులో ‘పంపు ఆగింది’ అని ఉంది. మొట్టమొదటి కడుగుడు ఏడాది తనిఖీ ఫోటో కోసం జరిగింది. ఆయిలాయన పైపు విప్పేలోపు, పుస్తకాల అట్టలకు మిగిలిన ప్లాస్టిక్ కవరు ప్లగ్గుకి చుట్టి, నా జడ రబ్బరుబ్యాండు బిగించాను. ఆ రోజు ఎప్పటిలాగే కడిగారు. తర్వాత పందొమ్మిది రోజులు పంపు ఆగలేదు.

విచారణ అందుకే పడింది.

“మీ లెక్క ప్రకారం ఐదో ఫిర్యాదు పదో తారీఖుకి రావాలి. రాలేదు. ఎందుకు రాలేదు?” అని అడిగారు అధికారిగారు.

“పంపు ఆగలేదండి,” అన్నాడు నాన్న.

“అది రాసుకున్నాను. ఎందుకు ఆగలేదు?”

నాన్నకి తెలియదు. కరెంటాయన గొంతు సవరించుకుని, “మేమైతే ఏమీ బాగుచెయ్యలేదు సార్,” అన్నాడు.

“మేమసలు చెయ్యనే లేదు,” అన్నాడు ఆయిలాయన. రెండు విభాగాలకూ మాట కలవడం అదే మొదటిసారి.

“బాగుచెయ్యని లోపం దానంతటది పోదు. ఫిర్యాదు దాచారన్నమాట. కార్డు ఇలా బల్ల మీద పెట్టండి.”

నాన్న పెట్టాడు.

“చూశావురా,” అంది నానమ్మ. “పాడైతే నీ తప్పు, బాగుంటే నీ తప్పు. మీ మామగారు మాట్లాడినట్టే ఉంది.”

అమ్మ ఆవిడ వైపు ఒక చూపు చూసింది. ఆ సందులో నేను డైరీ తెచ్చి, కుర్చీ కోడుకి చెప్పినట్టుగా విషయమంతా చెప్పాను.

“ఏమంటోంది?” అన్నారు అధికారిగారు.

“మీవాళ్లు కడిగితే నీళ్లు దిగి ఆగుతోందిట బాబూ. ఇది కవరు కట్టిందిట, ఆగడం లేదుట,” అని నానమ్మ వీధికి వినపడేట్టు చెప్పింది.

అందరం వాకిట్లోకి వెళ్లాం. అధికారిగారు మోకాళ్ల మీద కూర్చుని కవరును మూడు ఫోటోలు తీశారు.

“దీన్ని ఎవరి ఆమోదంతో కట్టారు?”

“జడ రబ్బరుబ్యాండుతో అండి,” అన్నాను.

ఆయన కోప్పడలేదు. చాలా మంచివారు. “చూడమ్మా, కడగడం నిబంధన. నిబంధన వల్ల లోపం రాదు. లోపం వచ్చి ఉంటే శుభ్రంగా విచారించేవాళ్లం. నువ్వు రానివ్వలేదు,” అన్నారు.

“అన్నయ్యా, ఆ కవరు అలాగే ఉంచేస్తే ఏం?” అని అమ్మ ఆయిలాయనని అడిగింది.

“నాకేం అభ్యంతరం లేదు చెల్లెమ్మా. కానీ ఫోటోలో ప్లగ్గు కనపడాలి.”

లోపలికి వచ్చి అధికారిగారు ఫారం తెరిచారు. కారణానికి మూడు గడులు ఉన్నాయి: కరెంటు, ఆయిలు, ఆపరేటరు. ఆయన చాలాసేపు ఆలోచించి, అడుగున ఇంతవరకు ఎవరూ ముట్టని ‘ఇతరులు’ అనే గడి తెరిచి రాశారు: ‘లోపం రాకుండా అడ్డుకున్న వ్యక్తి. ఆపరేటరు కూతురు.’ అంటే ఆపరేటరు తప్పు లేనట్టే. కార్డు నాన్న వైపు జరిపారు. నాన్న దాన్ని చొక్కాకి తుడుచుకుని జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచాడు.

పరిష్కారాలు కూడా అక్కడే రాశారు. కవరు తీసెయ్యాలి. పంపు కడిగి ఫోటో పెట్టాలి. సదరు వ్యక్తి పంపుకి పది అడుగుల లోపల గానీ, సంతకాలయ్యే గదిలో గానీ ఉండకూడదు. గది తలుపు ఆపరేటరే స్వయంగా వెయ్యాలి.

నేను గడప దాటాను. నాన్న తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

“ఎండలో ఉండకు తల్లీ. పంపు నీడన కూర్చో.”

“పది అడుగులు,” అని లోపలినుంచి గుర్తుచేశారు అధికారిగారు.

వాకిట్లో ఆయిలాయన కవరు ఊడదీసి, రబ్బరుబ్యాండు మర్యాదగా నా చేతిలో పెట్టి, కొళాయి తిప్పాడు. నీళ్లు సరిగ్గా ప్లగ్గు మీద పడ్డాయి. రేపు పంపు ఆగుతుందని, అది ఐదోసారి అవుతుందని, కారణం యాప్ తనే రాసుకుంటుందని నాన్నకి చెబుదామనుకున్నాను. నాకు మాట కూడదీసుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోపు నాన్న తలుపు వేశాడు.