నిండుకున్న గిడ్డంగి

ఒక పెద్ద అడవిలో ఒక మద్దిచెట్టు, దానికో పెద్ద తొర్ర. ఆ తొర్రే గిడ్డంగి. ముసురు పట్టి పిల్లలున్న జంతువులు బయటికి కదల్లేని రోజుల్లో అక్కడినుంచే గింజలు ఇచ్చేవాళ్ళు. వాన తెరిపిచ్చినప్పుడల్లా చీమలు బారులు తీరి పొలాలనుంచి గింజలు మోసుకొచ్చి పోసేవి. ఉడుత నరసాయమ్మ పంచిపెట్టేది. ఆమె నలుగురు పిల్లలూ ఆ తొర్ర వెనకే ఉండేవాళ్ళు. వాళ్ళకీ ఆ గింజలే.

అడవికి అధ్యక్షులు ఏనుగు గజపతిగారు. ఆయనకి ఎవరూ ఎదురుపడి ఏదీ చెప్పకూడదు. నరసాయమ్మ తాబేలు కూర్మయ్యకి చెప్పాలి. కూర్మయ్య నక్క జంబూకరావుగారికి చెప్పాలి. నక్కగారు ఏనుగుగారికి చెప్పాలి. దాన్ని పద్ధతి అనేవాళ్ళు.

ఆ ఏడు ముసురు ముందే పట్టింది. ఒక ఉదయం నరసాయమ్మ తొర్రలో చెయ్యి పెడితే అడుగు తగిలింది.

“కూర్మయ్యా, గింజలు నిండుకున్నాయని చెప్పు అయ్యగారికి.”

అయిపోయాయి అనలేదు. గింజల విషయంలో ఆ మాట అనకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అంటే అత్తగారు మూడు రోజులు మొహం చూడలేదు.

“నిండుకున్నాయి. అంతేనా అమ్మా?”

“అంతే. తొందరగా వెళ్ళు.”

“తొందరా?” అన్నాడు కూర్మయ్య, ఆ మాట ఎక్కడో విన్నట్టు.

నక్కగారి బండ పది అడుగుల దూరం. మధ్యాహ్నానికి చేరాడు.

నక్క ఏ పూటకాపూట వేటాడుకునేవాడు. ఇంట్లో గింజ దాచి ఎరగడు. ఏనుగు కొమ్మమీదిది కొమ్మమీదే తినేసేవారు. వంటిల్లన్నది ఇద్దరిలో ఎవరూ తొంగి చూసింది లేదు.

“సార్, గిడ్డంగి నిండుకుందట” అన్నాడు నక్క.

“నిండిందా? మన హయాంలోనా?”

“ఇంకెవరి హయాంలో నిండుతుంది సార్.”

“అయితే చీమల్ని ఇంక రావద్దను. తొర్ర పగిలిపోగలదు.”

మర్నాడు చీమలు వాగుదాకా వచ్చి, మోసుకొచ్చిన గింజలతోనే వెనక్కి మళ్ళాయి. నరసాయమ్మకి మాత్రం ఒక శాలువా వచ్చింది. టేకాకు శాలువా. కప్పితే తోక కొస తప్ప ఏమీ కనబడలేదు.

“ఇదెందుకు కూర్మయ్యా?” అంది లోపల్నుంచి.

“నిండుకున్నందుకు” అన్నాడు కూర్మయ్య.

అప్పుడు అర్థమైంది ఆమెకి. శాలువాలోనే కూలబడింది. ఇంటికెళ్తే చిన్నది ఆకు అంచు పట్టుకుని, “అమ్మా, శాలువా తినొచ్చా?” అని అడిగింది.

నరసాయమ్మ పద్ధతి పక్కనపెట్టి నక్క దగ్గరికే పరిగెత్తింది.

“అయ్యా, నేను చెప్పింది వేరు.”

“చూడమ్మా. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. నాకు అర్థమైంది నీకు అర్థం కాలేదు. సమాచార లోపమంటే ఇదే. దీనికి మందుంది.”

మందు పేరు డాక్టర్ శుకవాణి. చిలుక. పొరుగడవినుంచి వచ్చింది. మర్నాడు మోడుమీద కూర్చుని ఒక పూటంతా శిక్షణ ఇచ్చింది. నరసాయమ్మ ఆకలి కడుపుతో మొదటి వరసలో కూర్చుంది. తొర్ర అడుగున ఏరిన నాలుగు గింజలూ రాత్రే పిల్లలకి పెట్టేసింది.

“మాట తిన్నగా ఉండాలి” అంది చిలుక. “అనండి, తిన్నగా.”

“తిన్నగా” అన్నారందరూ.

“చుట్టూ తిప్పకూడదు. మనసులో ఉన్నది ఒక్క మాటలో చెప్పాలి. నరసాయమ్మగారూ, చెప్పండి.”

నరసాయమ్మ మనసులో అత్తగారికి దణ్ణం పెట్టుకుంది.

“ఖాళీ” అంది.

“భేష్. ఎక్కడ?”

“గిడ్డంగిలో.”

అందరూ చప్పట్లు కొట్టారు. నక్క ఆకుమీద రాసుకున్నాడు. నరసాయమ్మకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి చీమలొస్తాయి అనుకుంది.

సాయంత్రానికి చెట్టుచెట్టుకీ ఒక ప్రకటన వచ్చింది. ‘గిడ్డంగిలో ఖాళీలున్నాయి. అర్హులు దరఖాస్తు చేసుకోగలరు.’

తెల్లారేసరికి మద్దిచెట్టునుంచి వాగుదాకా వరస. ముళ్ళపందికి ఎనిమిదేళ్ళ అనుభవముంది, ఎందులోనో చెప్పలేదు. ఎలుగు తేనెలో సీనియరు. కోతి తన మేనమామ ఇచ్చిన సిఫారసు ఆకు నెత్తిమీద పెట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

“పనేంటక్కా ఇక్కడ?” అంది కోతి.

“గింజలు పంచడం.”

“గింజలెక్కడ?”

“అవి లేకే కదా ఖాళీ.”

“అయితే పని తేలికే” అని కోతి ఇంకో అడుగు ముందుకి జరిగింది.

ఇంటర్వ్యూలు చెయ్యడానికి గజపతిగారే స్వయంగా వచ్చారు. పొద్దున్నుంచి కూర్చున్నారు. మద్దిచెట్టు చుట్టూ ఆయనకి అందే కొమ్మ ఒక్కటీ లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది.

“నరసాయమ్మా, అయ్యగారికి భోజనం” అన్నాడు నక్క. “గిడ్డంగి నిండా ఉన్నాయిగా, చెయ్యి వెనక్కి లాగకు.”

నరసాయమ్మ నక్కని చూసింది. ఏనుగుని చూసింది. తొర్ర వెనక నాలుగు మూతులు కనబడుతున్నాయి. ఇంక మాట్లాడకూడదనుకుంది. మాటలైతే బోలెడు చెప్పింది.

ఎనిమిది అడ్డాకులు కలిపి పెద్ద విస్తరి కుట్టింది. ఏనుగు ముందు వేసింది. నీళ్ళు చిలకరించింది. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది.

ఏనుగు చూశారు. వంగి మళ్ళీ చూశారు.

“కానివ్వండి” అంది నరసాయమ్మ.

“ఏం కానివ్వాలి? వడ్డించలేదు కదమ్మా.”

“వడ్డించానండి. గిడ్డంగిలో ఉన్నదంతా వడ్డించాను.”

ఏనుగు తొండంతో విస్తరి ఎత్తి కింద కూడా చూశారు. అక్కడా లేదు. ఆయన కడుపు ఒక మూలుగు మూలిగింది. చెట్టుమీది కాకులన్నీ లేచిపోయాయి. వరసలో సగంమంది ఉరుమనుకుని ఇంటికెళ్ళిపోయారు.

“జంబూకరావ్, నిండుకోవడమంటే ఏమిటి?”

“సార్, దానిమీద ఒక కమిటీ వేసి…”

“కూర్మయ్యా, నువ్వు చెప్పు.”

“అయిపోవడం అయ్యా.”

“తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నన్ను మాట మొయ్యమన్నారు గాని, అర్థం చెప్పమన్లేదయ్యా.”

ఏనుగు తల పంకించారు. “చీమల్ని పిలవండి” అన్నారు. కూర్మయ్య ఒక కాలు ముందుకి వేశాడు. “నువ్వొద్దులే” అని ఆయనే లేచి వాగువైపు నడిచారు.

వాన మళ్ళీ మొదలయ్యేలోపు తొర్ర సగానికొచ్చింది. చిన్నది బుగ్గలనిండా గింజలు పెట్టుకుని, నమలకుండానే నిద్రపోయింది. నరసాయమ్మ శాలువా తెచ్చి కప్పింది. చివరికి అదీ ఒక పనికొచ్చింది.

వారం తిరక్కుండా డాక్టర్ శుకవాణి మళ్ళీ వచ్చింది. ఈసారి శిక్షణ పేరు ‘ఖాళీ విస్తరి విధానం’. ఇప్పుడు అడవిలో ఎవరికే కష్టమొచ్చినా ముందు ఏనుగుగారికి ఒక విస్తరి వేస్తున్నారు. వాగు పొంగినా విస్తరే, పుట్ట కూలినా విస్తరే. ఆ ఖాళీ విస్తర్ల ముందే కూర్చుని కూర్చుని ఆయన సగమయ్యారు. ఎవరి చేతిలోనైనా ఆకు కనబడితే చాలు, “ముందు చెప్పు తల్లీ, వింటున్నా, తర్వాత వెయ్యి” అంటున్నారు.

నీతి: చెప్పేవాళ్ళకి మాటలు రాకపోయినా ఫర్వాలేదు, వినేవాళ్ళకి ఆకలెయ్యాలి.