టెంకాయ లేచిన వెబ్‌సైటు

చిన్న వ్యాపారస్తులందరికీ తెలియజేయడమేమనగా, నమ్మకమైన ఇంటర్‌నెట్ కంపెనీని ఎంచుకోవడం ఎలా అన్న సమస్యను మా గుత్తి పట్టణం 2001లోనే పరిష్కరించింది. ఈ సంగతి పేపర్లలో రాలేదు. మా ఊరి మంచి ఏ పేపర్లో వచ్చింది గనక.

మా వీధిలో సుమిత్రమ్మ చెనిక్కాయ చిక్కీలు చేస్తుంది. జంక్షన్‌లో ఆగే రైళ్లలో అవి అమ్ముడుపోతాయి. బెంగుళూరులో మిఠాయి అంగడి ఉన్న ఒకాయన రైల్లో ఒక చిక్కీ కొరికి, తిరుగు ప్రయాణంలో పనిగట్టుకుని దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "ఉగాదికల్లా మీ రేట్లు, ఫోటోలు నెట్‌లో పెట్టండమ్మా. చూసి నెలనెలా ఆర్డరు పంపుతా" అన్నాడు. ఆ ఆర్డరు వస్తే ఆమె దగ్గర సీజన్‌లో మాత్రమే పనిచేసే నలుగురు ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది. సుమిత్రమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని మా ఆవిడ చెప్పింది.

కంపెనీని ఎంచే బాధ్యత ఆమె భర్త హనుమంతరాయుడు తీసుకున్నాడు. ఆయన తన చేనులో ఐదు బోర్లు వేయించాడు. ఐదింట్లోనూ దుమ్మే లేచింది. నమ్మడంలో అంత అనుభవమున్న మనిషి వీధిలో ఇంకొకరు లేనందున ఎవరూ పోటీకి రాలేదు.

మూడు కంపెనీలు రంగంలో నిలిచాయి. ఒకటి హైదరాబాదుది. దాని కాగితం మీద చెవులకు ఫోను తగిలించుకున్న తెల్లపిల్ల నవ్వుతుంటుంది. రెండోది అమెరికాది. ఆ అమెరికా, అనంతపురంలో ఒక టైలరు షాపు మేడమీద ఉంది. మూడోది మా స్టేషన్ రోడ్డులో నెట్ సెంటరు నడిపే గిరి.

"అక్కా, నేను ఈడే ఉంటా. చెడిపోతే వచ్చి నన్నే తిట్టు" అన్నాడు గిరి.

ఆ ఒక్క మాటతో అతని మీద నమ్మకం పోయింది. రోజూ టీ అంగడి దగ్గర కనబడేవాడికి ఇంటర్‌నెట్ ఏం తెలుస్తుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

సుమిత్రమ్మ మాత్రం బెల్లం కొనేముందు ముక్క విరిచి నమిలి చూసే మనిషి. "ఏమయ్యా, ఫోను చేస్తే ఎత్తేదెవరు? తాళం ఎవురి దగ్గర ఉంటాది? నచ్చకపోతే మన సరుకు మనం తీసుకుని ఇంకోతావుకు పోవచ్చా?" అని అడిగింది.

"అవన్నీ చిల్లర మాటలు. ఈశ్వరన్నను పిలుస్తా" అన్నాడు హనుమంతరాయుడు.

ఈశ్వరప్ప బోరు పాయింట్లు పెట్టే పెద్దమనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. ఆయన పాయింట్లలో నీళ్లు పడినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పడనివాటిని లెక్కపెట్టే ఓపిక జిల్లాలో ఎవరికీ లేదు, అందుకే ఆయన పేరు చెక్కుచెదరలేదు. హనుమంతరాయుడి ఐదు బోర్లూ ఆయన పెట్టినవే.

మూడు కాగితాలను సుమిత్రమ్మ ఇంటి ముందు నేల మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టారు. ఈశ్వరప్ప చెప్పులు విప్పి, దండం పెట్టి, నడిచాడు. తెల్లపిల్ల మీద టెంకాయ కొంచెం కదిలింది. గిరి కాగితం మీద హాయిగా నిద్రపోయింది. అమెరికా మీదికి రాగానే నిటారుగా లేచింది.

"దీని కింద ధార ఉండాది" అని ఆయన ప్రకటించాడు. "ఈశాన్యం నుంచి వస్తాండాది. ఐదునూర్ల అడుగుల్లో నెట్టు తగులుతాది. తగలకపోతే ఇంకా దించల్ల."

సంతకాలయ్యాయి. వారానికి వెబ్‌సైటు వచ్చిందని కబురొచ్చింది. దాని అడ్రసు బెంగుళూరుకూ రాసి పంపాం. మాకు తెలిసి కంప్యూటరున్నది గిరి దగ్గరే కాబట్టి అందరం అక్కడికే పోయి, అతని కంప్యూటరుకే పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, తెరిచాం. తెర మీద చిక్కీలు లేవు. పనులు జరుగుచున్నవి అని ఇంగ్లీషులో ఉంది. దాని కింద టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషి ఒకడు పారతో తవ్వుతున్నాడు.

"తవ్వుతాండాడప్పా" అన్నాడు హనుమంతరాయుడు. ఆయన కళ్లు చెమర్చాయి.

దుడ్లు తీసుకున్న కంపెనీ మనిషి మా కళ్లముందు పనిచేయడం మేము చూడటం అదే మొదలు. పొద్దున చూసినా తవ్వుతున్నాడు, సాయంత్రం చూసినా తవ్వుతున్నాడు. బీడీకి లేవడు, బత్తా అడగడు. కూలీలకు చూపించి బుద్ధి చెప్పడానికి ఇద్దరు రైతులు పక్క ఊరి నుంచి వచ్చారు. అది ఉత్త బొమ్మ, పని మొదలే కాలేదు అని గిరి చెప్పబోయాడు. కాంట్రాక్టు రానివాడి కడుపుమంట అని అందరం అర్థం చేసుకున్నాం.

ఇరవై రోజులైంది. "బండ తగిలినట్టుండాది" అని ఈశ్వరప్ప తేల్చాడు. కంపెనీకి ఫోను చేస్తే ఇంకొంత దుడ్డు కట్టి గోల్డు ప్లానులోకి మారమన్నారు. దించమన్నారని హనుమంతరాయుడు దించాడు. మర్నాటికి బొమ్మ మనిషి టోపీ బంగారు రంగుకు మారింది. వీధిలో స్వీట్లు పంచాం. ఆ తరువాత కంపెనీ ఫోను ఎవరూ ఎత్తలేదు. లోతుకు పోయినారు, సిగ్నలు అందదు అని సరిపెట్టుకున్నాం.

ఉగాది నాలుగు రోజులుందనగా సుమిత్రమ్మ ఒక్కతే గిరి దగ్గరికి పోయింది.

"గిరీ, నిజం చెప్పు. వీడు ఎప్పటికైనా నీళ్లు చూపిస్తాడా?"

"లేదక్కా. వాడు బొమ్మ."

ఆమె తన మూడు చిల్లర ప్రశ్నలూ మళ్లీ అడిగింది. ఫోను నేనే ఎత్తుతా, తాళం, అదే పాస్‌వర్డు, నువ్వే పెట్టుకో, పోవాలంటే నీ సరుకు మూటగట్టి ఇస్తా అన్నాడు గిరి. గంటలో ఆమె పేరున ఈ-మెయిలు, సాయంత్రానికి చిక్కీల ఫోటోలతో ఒక పేజీ తయారయ్యాయి. ఆ పేజీ అడ్రసు బెంగుళూరాయనకు మెయిల్లో పోయింది. తాళం మాట ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

మూడోనాడు బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది. "నెల నుంచీ చూస్తున్నానమ్మా, ఎవరో తవ్వుతున్నారు. చిక్కీలు మానేసి క్వారీ పెట్టారనుకుని సగం ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చేశా. మిగతా సగం మీకే."

నలుగురిలో ఇద్దరికి ఏడాది పని దొరికింది. మిగిలిన రామక్క, మారెక్క మాత్రం సీజన్ అయిపోగానే మూటలు సర్దుకుని బెంగుళూరుకే మట్టిపనికి రైలెక్కారు. అక్కడ వాళ్లు నిజంగానే తవ్వుతున్నారు. స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. స్టేషన్‌లో ఆ ఇద్దరి మొహాలు చూడలేక పక్కకు తిరిగాను.

ఆర్డరు వచ్చిన సందర్భంగా ఊరు సన్మానసభ పెట్టింది. సన్మానం ఈశ్వరప్పకు. "టెంకాయ లేచినప్పుడే చెప్పినా. సగం దించినారు, సగం వచ్చింది" అన్నాడు ఆయన శాలువా సర్దుకుంటూ. చప్పట్లు ఆగలేదు. ఆ నెలలోనే ఎనిమిది అంగళ్లవాళ్లు ఆయన్ను బుక్ చేసుకున్నారు.

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. చదువుకున్నవాళ్లు, నవ్వొచ్చు. మీరూ నెట్‌లో ఏదో ఒక కంపెనీని నమ్మే ఉంటారు. 'నియమాలన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను' అన్నచోట నొక్కేముందు అందులో ఒక్క వాక్యమైనా చదివినవాళ్లు చేయెత్తండి.

మా ఈశ్వరప్ప కనీసం చెప్పులు విప్పి నడిచాడు.