పడమట పొడిచిన పొద్దు

రంజాన్ నెలలో ఒక పొద్దున, కెప్టెన్ జవాద్ కాసాబ్లాంకా విమానాశ్రయంలో కూర్చుని ట్యూనిస్ వెళ్లి రావడానికి లెక్కలు చూసుకుంటున్నాడు. గాలి ఎటు, మబ్బు ఎక్కడ, ఇంధనం ఎంత, ఇక్కడ దిగనివ్వకపోతే ఇంకెక్కడ దిగాలి, ఇవన్నీ రోజూ ఉండేవే. ఆవేళ ఇంకొకటి తగిలింది. హాజీ బూషైబ్ ఆకలి.

బూషైబ్ నజాత్ తండ్రి. ట్యూనిస్‌లో చెల్లెల్ని చూసి సాయంత్రం ఈ విమానంలోనే తిరిగొస్తున్నాడు. నజాత్‌ను తనకిచ్చి పెళ్లి చెయ్యమని జవాద్ అడిగి రెండేళ్లయింది. దిగగానే ఏదో ఒకటి తేల్చేస్తానని ముసలాయన కబురు పెట్టాడు. ఖాళీ కడుపుతో ఆయన ఇంతవరకు ఎవరికీ మంచిమాట చెప్పిన పాపాన పోలేదు.

చిక్కేమిటంటే, పడమటికి పోయే విమానం సూర్యుడి వెంటే పడుతుంది. కింద ఊళ్లో జనం ఉపవాసం విడిచి సూపు తాగి మూతి తుడుచుకుంటున్నా, పైన కిటికీలో సూర్యుడు కనబడుతూనే ఉంటాడు. కనబడినంతసేపూ ఉపవాసమే. కెప్టెన్ నోటితో చెబితే తప్ప ఒక్కరూ ఖర్జూరం ముట్టరు.

"తిరిగొచ్చేటప్పుడు బాగా కిందగా వద్దాం. కింద పొద్దు తొందరగా గుంకుతుంది," అన్నాడు జవాద్.

"కిందగా వస్తే ఇంధనం ఎక్కువ తాగుతుంది కదా సార్," అన్నాడు కో-పైలట్ హిషామ్.

"ఎక్కువే పోయించు."

"ఎందుకని అడిగితే?"

"పైన కుదుపులని చెప్పు."

"పైనా, మీ గుండెలోనా?"

"నువ్వు పోయించవయ్యా."

సాయంత్రం అల్జీరియా మీదికి రాగానే జవాద్ విమానాన్ని కిందికి దించాడు. సూర్యుడు బుద్ధిగా మునిగాడు. "పొద్దు గుంకింది. అల్లా మీ ఉపవాసాలు స్వీకరించుగాక," అని మైకులో చెప్పాడు. విమానం నిండా ఖర్జూరాలు కొరికిన చప్పుడు.

సరిగ్గా అప్పుడే నేల మీంచి కంట్రోలర్ పిలిచాడు. ఎదురుగా ఉరుముల మబ్బుంది, ఉన్నపళాన పైకెక్కమన్నాడు. మబ్బుతో వాదించి గెలిచిన కెప్టెన్ ఇంకా పుట్టలేదు. జవాద్ ఎక్కించాడు. ఎక్కినకొద్దీ, మునిగిన సూర్యుడు పడమటి అంచు మీంచి ఎర్రగా పైకి లేచాడు.

లోపలి ఫోను మోగింది. ప్రయాణికుల్ని చూసుకునే కౌతర్.

"కెప్టెన్ గారూ, పడమట పొద్దు పొడుస్తోంది."

"తెలుసమ్మా. పొడిపించింది నేనే."

"ఆ సంగతి వీళ్లకు తెలీదు కదండీ. పడమట పొద్దు పొడిస్తే ప్రళయమేనని మన పెద్దలు చెప్పేదే కదా. సగంమంది నోట్లో ఖర్జూరం మింగాలా ఉమ్మాలా అని అడుగుతున్నారు. మిగతా సగం క్షమాపణలు చెప్పుకుంటున్నారు. వెనక వరసలో ఒకాయన తమ్ముడి పొలం గట్టు జరిపానని ఏడుస్తున్నాడు. ఆ తమ్ముడు పక్క సీట్లోనే ఉన్నాడు. కొడుతున్నాడు."

జవాద్ మైకు అందుకుని, "ప్రళయమేమీ కాదు, కంగారుపడకండి," అన్నాడు. ఇందాక పొద్దు గుంకిందని చెప్పిందీ ఆ గొంతే కనక ఎవరూ నమ్మలేదు.

ఫోను మళ్లీ మోగింది. "ముందు వరస హాజీగారు మీ తలుపు దగ్గర కూలబడ్డారండీ. మీతో చెప్పమంటున్నారు."

"ఏమని?"

"'బాబూ జవాద్, నీలో వంక లేదు. పిల్ల వెళ్లిపోతే నాకు సూపు కాచేవాళ్లుండరని రెండేళ్లు తిప్పాను. నజాత్‌ను నీకిచ్చాను, వీళ్లంతా సాక్షులు. నన్ను క్షమించు' అంటున్నారు."

"ముబారక్ సార్," అన్నాడు హిషామ్.

జవాద్ ఎదురుగా ఉన్న సూర్యుణ్ణి సొంత అన్నను చూసినట్టు చూశాడు. సూర్యుడు మాత్రం కాసేపటికి రెండోసారి మునిగి తన దారిన తాను పోయాడు. జవాద్ మళ్లీ ప్రకటించాడు. నేల తగిలేదాకా ఒక్కరూ ఖర్జూరం ముట్టలేదు.

దిగాక మెట్ల దగ్గర బూషైబ్ నిటారుగా నిలబడి ఉన్నాడు.

"హాజీగారూ, పైన మీరన్న మాట..."

"ప్రళయం వచ్చిందనుకుని అన్నాను. రాలేదుగా."

"సాక్షులున్నారండీ."

"ఉంటే? ఆ పొలం గట్టువాడు కూడా ఇప్పుడు నేనేమీ అనలేదంటున్నాడు. అయినా నాయనా, నీ చేతిలో పొద్దు రెండుసార్లు గుంకుతుంది. నా కూతురు పూటకు ఎన్నిసార్లు సూపు కాయాలి?"

బయట నజాత్ సూపు ఫ్లాస్కుతో ఎదురుచూస్తోంది. తండ్రి అది అందుకుని, పలకరించకుండానే కారెక్కి మూత విప్పాడు.

"ఏం తేల్చాడు?" అంది నజాత్ మెల్లిగా.

"ఒప్పుకున్నాడు," అన్నాడు జవాద్. "పొద్దు గుంకేదాకా."