వజ్రరేఖ కాలి కింద మూర్తిగారు

తనూజకి ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: మొగుడి రైల్వే ఉద్యోగం పోవడం. పాము కన్నా, పిడుగు కన్నా, మూడేళ్ళ కూతురు రాజశ్రీకి పట్టుకునే దగ్గు కన్నా కూడా ఆమెకి అదే భయం. ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. క్వార్టర్ పోతే బిలాస్‌పూర్ పోతుంది. బిలాస్‌పూర్ పోతే వెళ్ళడానికి ఇంకో ఊరంటూ లేదు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గు ఇంజన్ల వెంట వచ్చేసిన కుటుంబం వాళ్ళది. అక్కడ ఇప్పుడు వాళ్ళ ఇంటిపేరు చెబితే గుర్తుపట్టే మనిషి లేడు. తనేమో ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు?

ఆ ఉద్యోగం పోగొట్టుకోవడానికి దిలీప్ తన వంతు కృషి తాను చేస్తూనే ఉన్నాడు. పేరుకి లోకో షెడ్‌లో ఫిట్టర్. మనసు మాత్రం ఢిల్లీలో ఉంటుంది. అక్కడ హిందీలో బొమ్మల పుస్తకాలు వేసే కంపెనీ ఒకటుంది. గాల్లో ఎగిరే ఉక్కు వీరుడు లోహదత్త్ కథలు దానివే. గోల్ బజార్లో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ముందు పిల్లలూ పెద్దలూ ఆ పుస్తకం కోసం కొట్టుకుంటారు. ఆ బొమ్మలు వేసేది దిలీప్. రైల్వే మనిషి బయట సంపాదన చేస్తే ఉద్యోగం పోతుంది, అందుకే సంగతి షెడ్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో తనూజ రోజుకొకసారైనా ఊహించుకుని, అన్నం సగంలో లేచిపోతుంది.

పైగా దిలీప్‌ది ఫిట్టర్ బుద్ధి. కంటితో చూడకుండా నట్టు బిగించడు, కంటితో చూడకుండా మనిషిని గీయడు. లోహదత్త్‌ని వేయాలంటే దుప్పటి మెడకి కట్టుకుని అద్దం ముందు తనే నిలబడతాడు. విలన్ కోసం వెతకాల్సిన పని కూడా పడలేదు. షెడ్ ఫోర్‌మన్ రమణమూర్తిగారికి గొంగళిపురుగుల్లాంటి కనుబొమ్మలు, భుజాల మీదే కూర్చున్నట్టుండే తల. "ముఖం అంత రెడీమేడ్‌గా దొరికితే వదుల్తామా?" అన్నాడు దిలీప్. పోయిన పుస్తకం వచ్చినప్పటినుంచీ షెడ్‌లో అందరూ మూర్తిగారిని చూసి నవ్వుకుంటున్నారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనొక్కడికే తెలియదు.

చిక్కంతా కథానాయిక దగ్గర వచ్చింది. లోహదత్త్‌కి తోడుగా వజ్రరేఖ అనే వీరవనితని ప్రవేశపెట్టమన్నారు ఢిల్లీ వాళ్ళు. దిలీప్ వేసి పంపాడు. బొమ్మ తిరిగొచ్చింది. 'ఈ అమ్మాయి ఇంజన్ కింద దూరబోతున్న ఫిట్టర్‌లా నిలబడింది. మళ్ళీ వేయండి' అని కూడా రాశారు. దాంతో దిలీప్‌కి హఠాత్తుగా నడుం నొప్పి వచ్చింది. మూర్తిగారి సంతకంతో సిక్‌లోకి, అంటే జబ్బు సెలవులోకి వెళ్ళి, ఇంట్లో తలుపేసుకుని పేజీలన్నీ పూర్తిచేశాడు. మిగిలింది ఒక్క పెద్ద బొమ్మ. దానికి తనూజ నిలబడాలి.

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా చేయాలి. రాజశ్రీకి స్నానం చేయించాలి. కాసేపు నిలబడాలి. మధ్యాహ్నం ఢిల్లీ బండి గార్డు గోవిందరావు చేతికి పేజీల కట్ట అందించాలి. మర్నాడు దిలీప్ నడుం నొప్పి తగ్గిపోవాలి.

"జుత్తు విప్పు తనూ," అన్నాడు దిలీప్.

"చిక్కులు పడతాదండీ. మళ్ళీ మీరు తీస్తారేటి?"

"వజ్రరేఖకి చిక్కులుండవు యార్. అచ్ఛా, ఇప్పుడు విలన్ ఛాతీ మీద కాలు పెట్టాలి. ఆ బియ్యం బస్తా మీద పెట్టు."

"బియ్యం మీద కాలేటి! కళ్ళు పోతాయి!"

"ఐతే గోధుమల బస్తా?"

"గోధుమలు మాత్రం తిండి కాదేటి?"

చివరికి మాసిన బట్టలన్నీ మూటగట్టి విలన్‌ని తయారుచేశారు. వజ్రరేఖ బట్టలు ఎర్రవి కాబట్టి తనూజ ఎర్రచీర కట్టింది. వజ్రరేఖ నుదుటి మీద మెరుపు గుర్తుంటుంది కాబట్టి దిలీప్ కుంకుమ తడిపి ఆమె నుదుటి మీద అడ్డదిడ్డంగా గీశాడు. ఖడ్గానికి బదులు అట్లకాడ పైకెత్తించాడు.

"కళ్ళు పెద్దవి చెయ్. కోపం రావాలి, కోపం!"

"పొద్దున్న లేచిన కాణ్ణించి ఉన్నాది. కొత్తగా తేనక్కర్లేదు," అంది తనూజ. పొయ్యి మీద ఉప్మా మాడుతున్న వాసన వేసింది. ఆమె కళ్ళు ఇంకాస్త పెద్దవయ్యాయి.

సరిగ్గా అప్పుడే పక్క క్వార్టర్ మంగాయమ్మ పాలలోకి తోడు కోసం పెరటి తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ భర్త అప్పలస్వామిదీ అదే షెడ్. నడుం నొప్పి మనిషి కుంచె పట్టుకుని కూర్చున్నాడని ఆవిడకి తెలిస్తే భోజనాల వేళకి షెడ్ అంతటికీ తెలుస్తుంది. గిన్నె చప్పుడు వినగానే దిలీప్ బొమ్మ అట్టనీ కుంచెనీ తీసుకుని మంచం కిందికి దూరిపోయాడు. నడుం నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా ఎక్కడికీ దూరలేడు. అదృష్టం కొద్దీ ఎవరూ చూడలేదు.

మంగాయమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఎర్రచీర, విరబోసిన జుత్తు, నుదుటి నిండా కుంకుమ, ఎత్తిన అట్లకాడ, కాలి కింద నల్లగా ఏదో మూట. చేతిలో గిన్నె జారిపడింది.

"ఒలమ్మోయ్! పైడితల్లమ్మ! అమ్మ వొచ్చేసినాది!" అంటూ నేలమీద సాష్టాంగపడింది.

కాదని చెబుదామని తనూజ నోరు తెరిచింది. మంచం కింద నుంచి దిలీప్ చేతులు జోడించి వద్దని బతిమాలాడు. తనూజ ఎత్తిన అట్లకాడని ఎత్తినట్టే ఉంచింది.

"ఏటి కావాలి తల్లీ నీకు? సెప్పు! ఏటి లోపం సేసినాం?"

"పో!" అంది తనూజ. ఆమెకి నిజంగా కావలసింది అదొక్కటే.

"కోపంగా ఉన్నాది! అమ్మ కోపంగా ఉన్నాది!" అని అరుస్తూ మంగాయమ్మ వీధిలోకి పరిగెత్తింది.

తనూజ కాలు దించబోయింది. "కదలకు! కదలకు!" అన్నాడు మంచం కింద నుంచి దిలీప్. "ఇక్కణ్ణించి చూస్తే ఎంత బాగున్నావో తెలుసా! కొండంత కనపడుతున్నావు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని వేసి తప్పు చేశాను."

"ఊరంతా వొచ్చేస్తాదండీ!"

"రానీ. చెయ్యి గీయడం ఐపోయింది. కాలొక్కటే మిగిలింది."

కాలు పూర్తయ్యేలోగా కాలనీ ఆడవాళ్ళంతా వచ్చేశారు. వేపమండలు తెచ్చారు, బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చారు, తెచ్చినవన్నీ ఆమె కాళ్ళ మీద పోశారు. ఎండుతాయని వంటగది గుమ్మానికి అడ్డంగా తాడు మీద వేలాడదీసిన పేజీల మీద పడకూడదని తనూజ అట్లకాడతో నీళ్ళని అటూ ఇటూ మళ్ళించింది. ఆమె ఆడించిన కొద్దీ వాళ్ళకి నమ్మకం పెరిగింది. నీళ్ళు మంచం కిందికి పారాయి. అక్కడ ఎవరో అట్టని గబుక్కున పైకెత్తుకున్న చప్పుడైంది.

"మాయాయనకి బదిలీ తప్పుతాదా తల్లీ?" అని ఒకామె అడిగింది.

"ముందు ఆ నీళ్ళు పొయ్యడం ఆపండే!" అని అరిచింది తనూజ.

"సల్లబడినాదమ్మా, నీళ్ళు సాలంట," అని మంగాయమ్మ అర్థం చెప్పింది. అప్పటికే ఆవిడ అమ్మవారికీ జనానికీ మధ్య కుర్చీ లేని ఆఫీసరులా నిలబడిపోయింది.

"అమ్మా, ఆకలి," అంది రాజశ్రీ, చీర కుచ్చిళ్ళు పట్టుకుని. ఆ గదిలో అందరూ ఆమెని అమ్మా అనే పిలుస్తున్నారు. అన్నం కోసం పిలిచినది ఆ పిల్ల ఒక్కతే. తనూజకి ఏడుపొచ్చింది. కళ్ళలో నీళ్ళు చూసి ఆడవాళ్ళు కర్పూరం వెలిగించారు.

అంతలో వాకిట్లో సద్దుమణిగింది. "ఫోర్‌మన్‌గారు! దారియ్యండి!" అన్నారెవరో. సిక్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళకి చెప్పకుండా వెళ్ళి, నిజంగా మంచం మీద ఉన్నారా లేరా అని చూడడం రమణమూర్తిగారికి అలవాటు. ఆ రోజు దిలీప్ వంతు వచ్చింది. చెప్పులు బయట విడిచి, చేతిలో గొడుగుతో లోపలికొచ్చారు. అమ్మవారిని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు గాని, డ్యూటీ మాత్రం మర్చిపోలేదు.

"నమస్కారం తల్లీ. మరి ఫిట్టర్ దిలీప్ ఏడీ? మంచం ఖాళీగా ఉందేం?"

"నాన్న మంచం కింద," అంది రాజశ్రీ.

గదిలో అందరి తలలూ ఒక్కసారి మంచం వైపు తిరిగాయి. తనూజకి క్వార్టర్ కళ్ళముందే కూలిపోయినట్టనిపించింది. ఆ భయంలో ఎక్కడినుంచి వచ్చిందో గానీ గొంతు బొంగురుగా, పెద్దగా వచ్చింది.

"నా ముందు మంచం మీద పడుకునే మొనగాడెవడ్రా? నడుం విరిగినోడైనా సరే, కిందే ఉండాలి!"

"నిజమే తల్లీ, నిజమే," అని మూర్తిగారు గొడుగు పక్కన పెట్టి, కింద చతికిలబడ్డారు. కింద కూర్చోవడంతో ఆయన చూపు తాడు మీది పేజీలకి తగిలింది.

మధ్యలో వేలాడుతున్నది వజ్రరేఖ బొమ్మ. మంగాయమ్మ రాకముందు దిలీప్ ఎదురుగా కూర్చుని సగం రంగు వేసి, నచ్చక ఆరేసినది. అందులో ఎర్రచీర కట్టిన తనూజ కాలెత్తి నిలబడి ఉంది. ఆ కాలి కింద నాలుక బయటపెట్టి పడి ఉన్నది రమణమూర్తిగారు. కనుబొమ్మలు ఆయనవే. మెడ ఆయనది, అంటే లేనిది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చని కూడా దిలీప్ వదల్లేదు.

ఆయన చూపు ఎక్కడ ఆగిందో తనూజ చూసింది. ఐపోయింది. ఉద్యోగం, క్వార్టర్, బిలాస్‌పూర్, అన్నీ ఐపోయాయి.

మూర్తిగారు బొమ్మని చూశారు. తనూజ కాలు చూశారు. కాలి కింద మూటని చూశారు. మళ్ళీ బొమ్మని చూశారు. చేతులు జోడించారు.

"తల్లీ! నా పాపం బొమ్మకట్టి చూపించావా!" అని బావురుమన్నారు. "అందుకా షెడ్‌లో నన్ను చూసి నవ్వుతున్నారు! వాళ్ళందరికీ ముందే కనపడిందా తల్లీ? ఒప్పుకుంటాను. సెలవడిగితే ఇవ్వలేదు. పనిచేసినవాళ్ళకి ఆబ్సెంట్ వేశాను. అప్పలస్వామి సెలవు కాగితం చింపి నేనే చెత్తబుట్టలో వేశాను."

"అలగా సంగతి!" అని మంగాయమ్మ భక్తి వదిలేసి నడుం మీద చెయ్యి వేసింది. "మా మరిది పెళ్ళికెల్లనేకపోనాం! కాగితం పోస్టులో పోనాదని సెప్పినావు గదా బాబూ!"

"తప్పయిపోయిందమ్మా. తల్లీ, ఏం ప్రాయశ్చిత్తం చేయమంటావో చెప్పు. చెప్పేదాకా ఇక్కణ్ణించి లేవను."

లేవనన్న మాట వినగానే తనూజ మంచం వైపు చూసింది. ఢిల్లీ బండి వేళవుతోంది. రాజశ్రీ ఏడుస్తోంది. మంచం కింద పసుపు నీళ్ళలో తడిసిన మనిషి తుమ్ము ఆపుకుంటున్నాడు, ఎంతోసేపు ఆపుకోలేడు. ఈయన్ని ఎంత దూరం పంపగలిగితే అంత దూరం పంపాలి. అట్లకాడ వాకిలి వైపు చూపించి నోటికొచ్చిన ఊరి పేరు చెప్పింది.

"రతన్‌పూర్ పో! అక్కడ మహామాయమ్మ గుడి ఊడువు! నేను పిలిచిందాకా రాకు!"

మూర్తిగారు లేచారు. దండం పెట్టారు. చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే బస్సు స్టాండు వైపు నడిచారు. వెనకే జనం. గది ఖాళీ అవగానే మంచం కింద నుంచి ఇల్లదిరేలా తుమ్ము వినిపించింది.

పేజీలు బండి ఎక్కాయి. నేల తుడవడం, మూట ఉతకడం, జుత్తు చిక్కులు తీసుకోవడం తనూజకి మిగిలాయి. ఐతేనేం, ఉద్యోగం నిలబడింది అనుకుంది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత అన్నం మొత్తం తిన్నది.

మర్నాడు దిలీప్ డ్యూటీకి వెళ్ళి, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"ఏటండీ?"

"ఆ షెడ్‌లో ఒక పద్ధతుంది తనూ. ఏ ఫోర్‌మన్ సంతకంతో సిక్‌లోకి వెళ్ళామో ఆయన సంతకంతోనే డ్యూటీలోకి రావాలట. మూర్తిగారు లేరు కదా, ఆయన వచ్చేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. ఎక్కువ రోజులైతే మాత్రం ఉద్యోగం నిలవడం కష్టమేనట." చెబుతున్నంతసేపూ దిలీప్ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. గడప దాటకముందే కొత్త సిరా సీసా మూత తీశాడు.

వారం తిరిగేసరికి ఢిల్లీ నుంచి తంతి వచ్చింది. కింది నుంచి చూసినట్టు వేసిన వజ్రరేఖ అద్భుతంగా ఉందట. ఇకమీదట ఆమె పేరుతోనే వేరే పుస్తకాలు వేస్తారట. "విలన్‌ని కూడా చంపొద్దన్నారు తనూ! జనానికి నచ్చాడట!"

"నేనూ అదే మొత్తుకుంటున్నాను. ఆయన్ని ఎలాగైనా తీసుకురావాలి!" అంది తనూజ.

ఆమె రాజశ్రీని చంకనేసుకుని రతన్‌పూర్ బస్సెక్కింది. మూర్తిగారు గుడి ఆవరణలో చీపురు పట్టుకుని కనిపించారు. పొట్ట తగ్గింది. ముఖంలో షెడ్‌లో ఎవరూ ఎన్నడూ చూడని ప్రశాంతత వచ్చింది.

"వచ్చేయండి మూర్తిగారూ. మీరు లేక సంతకాలన్నీ ఆగిపోనాయి. ఊడ్చింది సాలు."

"నువ్వు దిలీప్ భార్యవి కదమ్మా? మంచిదానివి," అన్నారాయన ఆప్యాయంగా. "కాని నన్ను పంపింది నువ్వు కాదు. ఆ తల్లి పిలవాలి."

తనూజ అటూ ఇటూ చూసింది. జుత్తు ముడి మీద చెయ్యి వేసింది. విప్పితే సరిపోతుంది, కళ్ళు పెద్దవి చేస్తే సరిపోతుంది. ఎదురుగా గర్భగుడిలో దీపం వెలుగుతోంది. ఇంట్లో ఉప్మా మాడుతుండగా అమ్మవారు కావడం వేరు, అసలమ్మవారు చూస్తుండగా కావడం వేరు. చెయ్యి దానంతటదే కిందికి దిగి దండంగా మారింది. ఆమె మళ్ళీ బస్సెక్కింది. దిలీప్ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, వజ్రరేఖ రెండో పుస్తకం సగానికి వచ్చింది, తనూజ మళ్ళీ అన్నం సగంలో లేచిపోతోంది.

కాబట్టి మీలో ఎవరైనా రతన్‌పూర్ వైపు వెళ్తే, దర్శనం అయ్యాక ఒకసారి ఆవరణలోకి చూడండి. దట్టమైన కనుబొమ్మల పెద్దాయన ఒకరు ఊడుస్తూ ఉంటారు. భోజనం చేశారో లేదో కనుక్కోండి, అమ్మ పిలుస్తోందని చెప్పండి. ఏ అమ్మ అని అడిగితే మాత్రం మీకు తెలియదనండి.