ఎగరని పక్షులు

ఆ ఆదివారం పొద్దున్నకి గురునాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనేజరు గారి కారెక్కడం, భీమిలి వెళ్లడం, అక్కడి చిత్తడి మడలో దిగిన చలికాలపు పక్షుల్ని ఆయనకి చూపించడం, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి భోజనం చెయ్యడం. ఇందులో అతని భార్య గౌరీశ్వరికి ఒక్క లోపమే కనిపించింది. కాఫీ గ్లాసు చేతికిస్తూ ఆ మాట అనేసింది.

"మన పెరట్లోకి కాకొస్తే తోలడానికి నన్ను పిలుస్తారు. మీరు పక్షుల గురించి సెప్తారా?"

గురునాథరావు కాఫీ గబగబా తాగేసి చొక్కా తొడుక్కున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని విశాఖపట్నం అంతా చెప్పుకుంటున్న రోజులవి. గురునాథరావు రేవు దగ్గర ఓ షిప్పింగ్ ఏజెన్సీలో సీనియర్ గుమాస్తా. ఎక్కడో దూరాన పారదీప్ రేవులో కంపెనీ కొత్తగా తెరుస్తున్న బ్రాంచికి ఇక్కడినుంచి ఒకరిని పంపుతారని ఆఫీసులో పుకారు పుట్టింది. గౌరీశ్వరికి మునిసిపల్ స్కూల్లో టీచరు ఉద్యోగం. పారదీప్ అంటే అతనొక ఊళ్లో, ఆమె ఒక ఊళ్లో. దానికితోడు గురునాథరావుకి టీ పెట్టుకోవడం కూడా రాదు.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి విజయరత్నం గారు మేనేజరుగా వచ్చారు. ఆయనకి పక్షుల పిచ్చి అన్న కబురు ఆయనకంటే ముందే వచ్చింది. ఆయన గదిలో మేకుకి బైనాక్యులర్స్ వేలాడుతుండటం గురునాథరావు కళ్లారా చూశాడు. ఓ సాయంత్రం సంతకాల ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లి, తనకు చిన్నప్పటినుంచీ పక్షులంటే ప్రాణమనీ, ఏటా చలికాలం భీమిలి మడకి వెళ్లకపోతే నిద్ర పట్టదనీ చెప్పేశాడు. మేనేజరు గారి మొహంలో రంగు మారింది. దాన్ని గురునాథరావు సంతోషం అనుకున్నాడు. ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, అయితే ఈ ఆదివారం తననూ తీసుకెళ్లమన్నారు.

గురునాథరావుకి ఆ మడ తెలుసు. అత్తవారి ఊరు భీమిలే. కాని అక్కడ వాలేవి కొంగలో, హంసలో, ఏ రోజు ఉంటాయో, ఏ రోజు ఉండవో తెలియదు. అందుకని గౌరీశ్వరి అన్నగారు అర్జునరావు పనిచేసే ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. లైన్లో గరగరమని చప్పుడు. ఆదివారం మడలో పక్షులు లేకపోతే తన గతి పారదీపేనని రెండు మూడుసార్లు అరిచి చెప్పాడు. అవతలినుంచి అర్జునరావు గొంతు ధైర్యంగా వినిపించింది.

"నువ్వేటీ బెంగెట్టుకోకు బావా. ఆ సంగతి నాను సూసుకుంతాను."

ఆ ఒక్క మాటతో గురునాథరావు ఆ వారమంతా హాయిగా నిద్రపోయాడు.

కారు ఆనందపురం దాటి భీమిలి దారి పట్టింది. దారి పొడుగునా విజయరత్నం గారు బైనాక్యులర్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్షులు సైబీరియా నుంచి వస్తాయట కదా అని ఒకసారి అన్నారు. సైబీరియా నుంచేనండి, వేరే చోటినుంచి రావండి అన్నాడు గురునాథరావు. అంతకుమించి ఇద్దరూ ఆ విషయం జోలికి పోలేదు.

గోస్తని నది సముద్రంలో కలిసే చోట, వేట నిషేధమని బోర్డు పెట్టిన గట్టు దగ్గర కారాగింది. ఎదురుగా ఉన్న మడను చూసి గురునాథరావు కారు తలుపు పట్టుకుని ఆగిపోయాడు. పక్షులకు లోటు లేదు. నీళ్లు కనిపించనంతగా ఉన్నాయి. అన్నీ బాతులే. ముక్కులతో బురద కెలుకుతూ, తోకలాడిస్తూ, సంత రోజు బజారులా గోల చేస్తున్న పెంపుడు బాతులు. ఆ మూల గొడుగు భుజాన పెట్టుకుని, పొడుగాటి గెడతో, పక్కన కుక్కతో వాటి కాపరి నిలబడి ఉన్నాడు.

అర్జునరావు పరుగున వచ్చి బావని పక్కకి లాగాడు. నిన్న సాయంత్రం తాను వచ్చి చూశాననీ, అప్పుడు మడ నిండా అసలైన పక్షులే ఉన్నాయనీ చెప్పాడు.

"మరి వాటినేం చేశావు?"

"ఏటీ సెయ్యలేదు బావా. రెక్కలున్నవి కదా, తెల్లారేసరికి ఎగిరిపోతే నీ ఉజ్జోగం ఏటవుద్ది? అందుకే ఎగరనివి తెప్పించాను."

కోతలయిన పొలాల్లో బాతుల్ని మేపుకుంటూ గోదావరి జిల్లా నుంచి వచ్చిన జగ్గయ్యని బతిమాలి, అతని మందను తెల్లవారుజామునే మడలోకి దింపించాడట. కుక్క మొరుగుళ్లకీ, బాతుల అరుపులకీ ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అది చూశాక తన ముందుచూపు మీద అర్జునరావుకి మరీ నమ్మకం కుదిరింది.

ఈలోగా మేనేజరు గారు గట్టెక్కి బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకున్నారు. అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. ఆయన వాటి అద్దాల మూతలు తియ్యలేదని గురునాథరావుకి కనిపించింది. పై అధికారితో అనదగిన మాట కాదని ఊరుకున్నాడు.

"అద్భుతం" అన్నారు ఆయన. "ఇవేనా సైబీరియావి?"

"ఇవేనండి" అన్నాడు గురునాథరావు.

గట్టు మీద జనం పోగవడం అప్పుడు మొదలైంది. ముందు ఇద్దరు ఆడవాళ్లు చెరో కోడిపుంజుని చంకన పెట్టుకుని వచ్చారు. వెనకాల ఒకాయన మేకను లాక్కొచ్చాడు. ఆ వెనక గుమ్మడికాయల బండి. కాసేపటికి గట్టు పొడుగునా కోళ్లు, మేకలు, అరటి గెలలు. షిప్పింగ్ కంపెనీ మేనేజరు బాతుల్ని చూడటానికి వస్తున్నాడని అర్జునరావు ముందురోజు జగ్గయ్యతో అన్నాడు. అంత పెద్దమనిషి ఉత్తినే చూడటానికెందుకు వస్తాడని జగ్గయ్య ఆలోచించి, ఓడలో వంటకి కొంటారన్నమాట అనుకున్నాడు. ఆ మాటే దారిలో టీ కొట్టు దగ్గర చెప్పాడు. టీ కొట్టు నుంచి అది భీమిలి అంతా తిరిగింది.

ఇంతమందీ ఎందుకొచ్చారని విజయరత్నం గారు అడిగారు. ఈ ఊళ్లో అందరికీ పక్షులంటే అభిమానమని గురునాథరావు చెప్పాడు. ఆయన మేక వైపు ఒకసారి చూసి తలూపారు.

అప్పుడు జగ్గయ్య నీళ్లలోకి దిగి, మందలోకెల్లా బలిసిన బాతుని రెక్కలు కలిపి పట్టుకొచ్చి, మేనేజరు గారి చేతుల్లో పెట్టాడు.

"బరువు సూడండి బాబయ్యా. మళ్లీ ఇలాంటిది దొరకదు."

గురునాథరావు అడ్డం పడ్డాడు. పక్షి బరువుని బట్టి అదెంత దూరం నుంచి ఎగిరొచ్చిందో ఇక్కడివాళ్లు చెప్పేస్తారని వివరించాడు. విజయరత్నం గారు బాతుని రెండు చేతుల్లో ఎత్తి, కళ్లు సగం మూసి, గంభీరంగా తూచారు.

"చాలా దూరం నుంచే వచ్చినట్టుంది" అన్నారు.

ఆ బాతు ఆయన చేతుల్లోనే గుడ్డు పెట్టింది. గుడ్డు ఆయన బూటు మీద పడి పగిలింది. కోడిపుంజుల ఆడవాళ్లలో ఒకామె, గుడ్లు పెట్టేవే మంచివనీ, ఓడలోకి అవే తీసుకోమనీ సలహా ఇచ్చింది. ఆమె చంకన ఉన్నదీ పుంజేనని రెండో ఆమె గుర్తు చేసింది. మాటా మాటా పెరిగింది. ఆ గలాటాకి బెదిరిన మేక తాడు తెంపుకుని మడలోకి దూకింది, మేక వెనక కుక్క, కుక్క వెనక జగ్గయ్య. బాతులన్నీ గోల పెడుతూ ఒడ్డుకి ఎగబాకి, మేనేజరు గారి కాళ్ల మధ్య నుంచి కారు వైపు నడిచిపోయాయి. సైబీరియా నుంచి వచ్చిన పక్షుల్లో ఒక్కటి కూడా ఎగరలేదు.

అర్జునరావు ఎలాగో దారి చేసి ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్లాడు. అత్తగారు సన్యాసమ్మ వేడివేడి ఇడ్లీలు, గుడ్ల కూర వడ్డించింది. గుడ్లు ఇంత పెద్దవి ఎక్కడివని మేనేజరు గారు మెచ్చుకుంటే, ఆవిడ సంబరపడిపోయింది.

"మీరు సూసొచ్చిన బాతులవే బాబూ. జగ్గయ్య పొద్దున్నే ఇచ్చెల్లాడు."

గురునాథరావు ఇడ్లీ వదిలేసి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. విజయరత్నం గారు ఇంకో గుడ్డు వేయించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కారు గోస్తని మీది వంతెన ఎక్కుతుండగా గురునాథరావు మనసు గట్టి చేసుకున్నాడు. పారదీప్‌లో టీ పెట్టుకోవడం నేర్చుకోవచ్చు గాని, ఈ మనిషి పక్కన ఇలా కూర్చోవడం తన వల్ల కాదనిపించింది. అవి పెంపుడు బాతులనీ, తనకి కొంగకీ కొక్కిరాయికీ తేడా తెలియదనీ, బదిలీకి భయపడి అబద్ధమాడాననీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

విజయరత్నం గారు కారు ఆపమన్నారు. దించేస్తారు కాబోలు అనుకుని గురునాథరావు చెప్పులు సర్దుకున్నాడు.

"పారదీప్‌కి మద్రాసు నుంచి మనిషి వెళ్లి నెలయింది గురునాథరావు గారూ. ఆ సంగతి నన్నడిగితే సరిపోయేది." ఆయన నుదురు తుడుచుకున్నారు. "నా సంగతి వినండి. మా పెద్ద మేనేజరు గారికి పక్షులంటే ప్రాణమట. నాకూ అంతేనని చెప్పి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఆ బైనాక్యులర్స్ నాకంటే ముందున్నాయన వదిలేసి వెళ్లినవి. వచ్చే ఆదివారం పెద్దాయన ఇక్కడికి వస్తున్నారు. మీకు అన్నీ తెలుసన్నారు కదా, నాలుగు పేర్లు నేర్చుకుందామని వచ్చాను."

ఇద్దరూ కారు దిగి వంతెన గోడకి ఆనుకున్నారు. ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. అప్పుడు గురునాథరావు కిందికి చూశాడు. నది సముద్రంలో కలిసే వైపు, ఇసుక మేట మీద, మడ నుంచి లేచిపోయినవన్నీ వాలి ఉన్నాయి. గోధుమరంగువి గుంపులు గుంపులుగా, తెల్లవి పొడుగుకాళ్లతో, చిన్నచిన్నవి అల వెనక పరిగెత్తి అల రాగానే వెనక్కి వస్తూ. ఉన్నట్టుండి ఒక గుంపు లేచి, గాలిలో ఒక్కసారిగా తిరిగింది. నల్లగా ఉన్నదంతా తెల్లగా మెరిసి మళ్లీ ఇసుక మీద వాలింది.

విజయరత్నం గారు బైనాక్యులర్స్ అందించబోతే, గురునాథరావు అద్దాల మూతలు తీసి తిరిగి ఆయనకే ఇచ్చాడు. ఇద్దరూ వంతులవారీగా చూశారు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినా కదల్లేదు.

"ఇవేం పక్షులండీ?" అన్నారు మేనేజరు గారు, కళ్లు తియ్యకుండానే.

"నాకు తెలీదండి" అన్నాడు గురునాథరావు. ఆ పొద్దున్న అతనికి అంత తేలిగ్గా వచ్చిన మాట ఇంకొకటి లేదు.

మరుసటి ఆదివారం పెద్ద మేనేజరు గారిని తిన్నగా ఆ వంతెన దగ్గరికే తీసుకొచ్చారు. పక్షులు అక్కడే ఉన్నాయి. పేర్లు మాత్రం తమకు తెలియవని విజయరత్నం గారు, చెమటలు పడుతుండగా, ముందే ఒప్పేసుకున్నారు. పెద్దాయన ఆయన వైపు, గురునాథరావు వైపు మార్చి మార్చి చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు.

"నాకూ తెలీదు. పక్షుల పిచ్చి మా ఆవిడది. ఆవిడ అన్నవే నేను ఆఫీసులో అంటూ వచ్చాను."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ సన్యాసమ్మ ఇంట్లో బాతు పులుసుతో భోంచేశారు. పక్షుల మాట ఎవరూ ఎత్తలేదు.